ఒంటె మూపురపు కొవ్వు సీసాలో వచ్చింది. నిజంగా దేనికి వాడతారు?

వేపనీడ (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా మేనల్లుడు దుబాయ్ నుంచి వస్తూ మా అమ్మకు ఒక సీసా తెచ్చాడు. పైన ఒంటె బొమ్మ, చుట్టూ అరబ్బీ అక్షరాలు, లోపల లేత పసుపు రంగు నూనె. ఒంటె మూపురంలోని కొవ్వును కరిగించి తీసినదని, మోకాళ్లకు రాస్తే నలభై రోజుల్లో మెట్లెక్కుతారని దుకాణంలో చెప్పారట. అమ్మకు డెబ్బై ఒక్క ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి.

మనవడు ప్రేమతో తెచ్చాడు కాబట్టి పారేయలేదు, మూత మాత్రం తియ్యలేదు. "ఆముదం తెలుసు, నువ్వుల నూనె తెలుసు. ఇది ఎలా తీస్తారో, ఆ దేశం వాళ్లు దీన్ని దేనికి వాడుకుంటారో తెలియకుండా ఒంటికి పూసుకోను" అంటోంది. నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. గల్ఫ్‌లో పనిచేసినవారు, పశువైద్యులు, మందుల సంగతి తెలిసినవారు ఈ వేదికలో చాలామంది ఉన్నారు. అంగడివాడి మాట కాకుండా, చూసినవారి మాట వినాలని ఉంది.

ఆరోగ్యమస్తు (హైదరాబాద్)

అమ్మగారు అదృష్టవంతులు. ఇది మామూలు నూనె కాదు. నీళ్లు లేని ఎడారిలో ఒంటెను బతికించేదే ఆ మూపురం. నీళ్లన్నీ అందులోనే దాచుకుంటుంది. ఆ శక్తి అంతా ఆ కొవ్వులో ఉంటుంది. కీళ్ల నొప్పులు, ఉబ్బసం, మొలలు, మధుమేహం, చివరికి క్యాన్సర్ కూడా దీనితో తగ్గిందని విన్నాను. పైపూత చాలదు. పరగడుపున వేడి పాలలో ఒక చెంచా వేసుకొని తాగించండి. కావలసినవారికి నేను తెప్పించి ఇస్తాను. నా నంబరు:

నిర్వాహకులు

పై సందేశంలోని ఫోను నంబరు తొలగించాం. ఇక్కడ అమ్మకాలు వద్దు. చర్చ కొనసాగించండి.

పశువుల డాక్టరు (అనంతపురం)

ఆరోగ్యమస్తు గారూ, మీరు మేలు కోరే చెప్పారని అనుకుంటున్నాను. అయినా డెబ్బై ఏళ్ల మనిషి ఆరోగ్యం కాబట్టి నిర్మొహమాటంగా రాస్తున్నాను.

మూపురంలో నీళ్లు ఉండవు. ఎముక కూడా ఉండదు, ఒంటె వెన్నెముక తిన్నగానే ఉంటుంది. మూపురం మొత్తం కొవ్వు ముద్ద. బాగా మేసిన ఒంటెకు అందులో 36 కిలోల దాకా నిల్వ ఉండవచ్చు. కొవ్వు ఒంట్లో ఖర్చయినప్పుడు గ్రాముకు గ్రాము పైచిలుకు నీరు పుడుతుందన్న మాట నిజమే. కానీ ఆ కొవ్వును ఖర్చు చేయడానికి ఎక్కువ గాలి పీల్చాలి. పొడి ఎడారి గాలి పీల్చి వదిలినప్పుడల్లా ఊపిరితో తేమ పోతుంది. లాభం కింద వచ్చిన నీరు అలా చెల్లిపోతుంది. 1950లలో క్నుత్ ష్మిత్ నీల్సన్ అనే శాస్త్రజ్ఞుడు సహారాలో ఒంటెల మధ్య మకాం వేసి ఈ లెక్కలన్నీ తేల్చాడు.

మరి ఒంటె దాహానికి ఎలా తట్టుకుంటుంది? మూత్రం చిక్కగా పోస్తుంది. పగలు ఒంటి వేడిని 41 డిగ్రీల దాకా పెరగనిచ్చి, రాత్రి 34 దాకా దిగనిస్తుంది. అందువల్ల చెమట రూపంలో పోయే నీరు తగ్గుతుంది. నీళ్లు దొరికినప్పుడు పది నిమిషాల్లో వంద లీటర్లు తాగగలదు. మూపురం అన్నపు గాదె. కొవ్వంతా ఒకచోట పోగుపడటం వల్ల మిగతా ఒళ్లు దుప్పటి కప్పుకున్నట్టు ఉండదు, వేడి సులభంగా బయటికి పోతుంది.

మధుమేహం, క్యాన్సర్ మాటలకు ఆధారం లేదు. దయచేసి వాటిని ఇక్కడ చెప్పకండి. ఆ మాట నమ్మి మాత్రలు మానేసేవారు ఉంటారు. రోజూ పరగడుపున కరిగిన కొవ్వు తాగడం డెబ్బై దాటినవారికి మంచిది కాదు, ముఖ్యంగా గుండె జబ్బు, రక్తపోటు ఉంటే.

వేపనీడ

డాక్టరు గారూ, ధన్యవాదాలు. తాగించే ఆలోచన మాకు లేదు. అక్కడివాళ్లు దీన్ని ఎలా తీస్తారో ఎవరైనా దగ్గరుండి చూశారా?

ఇసుకదారి (జగిత్యాల)

అక్కా, నేను చూశాను. పదకొండేళ్లు ఒంటెలతోనే బతికాను.

2006లో తోటపని అని చెప్పి సౌదీకి తీసుకెళ్లారు. దిగిన మూడో రోజే హఫర్ అల్ బాతిన్ ఊరు దాటించి, ఎటు చూసినా ఇసుక తప్ప ఏమీ లేని చోట, డెబ్బై ఒంటెల దగ్గర దింపి వెళ్లిపోయారు. మొదటి నాలుగు నెలలు జీతం లేదు. ఇంటికి ఫోను లేదు. మా జిల్లా నుంచి, పక్కన నిజామాబాద్, కరీంనగర్ నుంచి వెళ్లిన చాలామందిది ఇదే కథ. ఆ బాధ గురించి ఇంకోసారి రాస్తాను. మీరు అడిగింది కొవ్వు గురించి.

నాతో ఒక సూడాన్ పెద్దాయన ఉండేవాడు. ఆయన పుణ్యమా అని నాకు ఒంటె అంటే ఏమిటో తెలిసింది. మూపురాన్ని అక్కడ సనామ్ అంటారు. పొద్దున మందను వదిలేటప్పుడు ఆయన ముందు చూసేది సనామ్‌నే. నిటారుగా, గట్టిగా, చేత్తో నొక్కితే నొక్కుపడకుండా ఉంటే మేత సరిపోతున్నట్టు. మెత్తబడి ఒక పక్కకు ఒరిగితే అది తన ఒంటిని తానే తింటున్నట్టు. పాలిచ్చే తల్లుల మూపురం ఎండాకాలంలో అణిగిపోయి, వీపు మీద ఖాళీ సంచి వేసినట్టు అయ్యేది. అప్పుడు ఆయన ముఖం చూడలేకపోయేవాణ్ని. పుట్టిన పిల్లకు మూపురంలో కొవ్వే ఉండదు. మేత మొదలుపెట్టాక మెల్లగా నిండుతుంది.

కొవ్వు తీయడం రోజూ జరిగే పని కాదు. పెళ్లికో, పెద్ద చుట్టం వస్తేనో లేత ఒంటెను కోసేవారు. లేత ఒంటెను హాషీ అంటారు. మూపురపు ముక్క అతిథి ముందు పెట్టడం గౌరవం. ఒంటె మాంసంలో కొవ్వు తక్కువ, కూర ఎండిపోయినట్టు ఉంటుంది. అందుకని మూపురపు ముక్కలు అందులో వేస్తారు. మిగిలిన కొవ్వును సన్నగా తరిగి, పెద్ద గిన్నెలో కాసిని నీళ్లు పోసి, సన్నటి సెగ మీద పెడతారు. నీరు ఇగిరేదాకా చిటపటలాడుతుంది. చప్పుడు ఆగిందంటే దించేయాలి. మన ఇళ్లలో వెన్న కాచేటప్పుడు చెవి పెట్టి వింటారు చూడండి, అదే గుర్తు. ఆ తర్వాత గుడ్డలో వడకట్టి డబ్బాలో పోస్తారు. చల్లారితే తెల్లగా మైనంలా పేరుకుంటుంది. దాన్ని వదక్ అంటారు. గొర్రె తోక కొవ్వు కరిగించినా అదే పేరు.

వదక్‌ను రొట్టె మీద వేసుకొని తినేవారు, అన్నంలో కలిపేవారు. జీను పట్టీలు, తోలు తాళ్లు ఎండకు పెళుసెక్కకుండా రాసేవారు. చలికాలంలో ఆ ఎడారి చలి మీకు తెలియదు, పెదవులు చీలి నెత్తురు కారేది. మడమలు పగిలి నడవలేకపోయేవాణ్ని. ఆ పెద్దాయన రాత్రి నిప్పు దగ్గర కూర్చోబెట్టి వదక్ వేడిచేసి నా మడమలకు రాసి, పాత గుడ్డ చుట్టేవాడు. వారంలో పగుళ్లు మూసుకున్నాయి. నేను చెప్పగలిగింది అంతే. మోకాళ్ల సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆయన మోకాళ్లు కూడా నొప్పిగానే ఉండేవి.

వేపనీడ

తమ్ముడూ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. సగంలో ఆపి కళ్లు తుడుచుకుంది. ఆ నాలుగు నెలల కథ కూడా తప్పకుండా రాయండి.

సముద్రంగట్టు (రాజంపేట, ప్రస్తుతం కువైట్)

ఇసుకదారి అన్న చెప్పింది ఎడారి వైపు సంగతి. సముద్రం వైపు సంగతి నేను చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరు పని చేస్తున్నాను. ఆ ఇంటి తాతగారి తండ్రి చమురు దొరకకముందు ఓడ నడిపేవాడట. మన మలబారు తీరానికి వచ్చి టేకు కలప కొనుక్కొనేవారు.

ఆ చెక్క ఓడలను నీళ్ల నుంచి పైకి లాగి, అడుగు భాగమంతా గీకి, సున్నంలో కరిగించిన కొవ్వు కలిపి పూసేవారు. గొర్రె కొవ్వు కావచ్చు, ఒంటె కొవ్వు కావచ్చు, ఏది దొరికితే అది. బ్రష్షులు వాడేవారు కాదు. నావికులంతా వరుసగా కూర్చొని అరచేతులతో పూసేవారు. పాటలు పాడుతూ పూసేవారని తాతగారు చెప్పారు. సున్నం కలిసిన కొవ్వు తెల్లటి గట్టి పొరలా అంటుకొని, చెక్కను తొలిచే సముద్రపు పురుగులను ఆపేది. కొన్ని నెలలకు ఒకసారి మళ్లీ పూయాలి. ఇక్కడి ప్రదర్శనశాలల్లో నిలబెట్టిన పాత ఓడలకు నీటిమట్టం కింద తెల్లగా కనిపించేది ఆ పూత గుర్తే.

మూలిక (తిరుపతి)

ఆయుర్వేదం చెప్పుకొనే వృత్తిలో ఉన్నాను కాబట్టి ఒక మాట. మన గ్రంథాలకు ఒంటె కొత్త కాదు. చరకుడు చెప్పిన ఎనిమిది రకాల పాలలోనూ, ఎనిమిది రకాల మూత్రాలలోనూ ఒంటెది ఉంది. సుశ్రుతుడు గుర్రం, ఆవు, గాడిద, మేక, గొర్రెలతో పాటు ఒంటెను గ్రామ్య జంతువుల్లో, అంటే ఊళ్లో పెంచుకొనే వాటిలో, చేర్చాడు. గ్రామ్య జంతువుల వస (మాంసంలోని కొవ్వు), మేదస్సు (కొవ్వు), మజ్జ (ఎముకల లోపలి గుజ్జు) బరువైనవి, వేడి చేసేవి, తియ్యనివి, వాతాన్ని తగ్గించేవి అన్నాడు. కీళ్ల నొప్పి వాతం లెక్కలోకి వస్తుంది కాబట్టి, పైపూతగా కొవ్వు వాడే ఆలోచన మనవాళ్లకూ ఉందన్నమాట.

కానీ అక్కడితో ఆగాలి. నువ్వుల నూనె కూడా వాతహరమే, అందులోనూ దాన్ని అన్నిటికన్నా మేలైన తైలంగా చెప్పారు. నా దగ్గరికి మోకాళ్ల నొప్పితో వచ్చేవారికి గోరువెచ్చటి నువ్వుల నూనెతో మర్దన, పైన కాపడం చెబుతాను. ఒంటె కొవ్వు దానికంటే గొప్పదని చెప్పే వాక్యం నాకు ఎక్కడా కనబడలేదు. ఇరాన్‌లో మాత్రం మూపురపు నూనెకు పెద్ద గిరాకీ ఉంది. అక్కడ చర్మం ముడతలకు, జుట్టుకు, బక్కపలచటివారు ఒళ్లు చేయడానికి అని నాటుమందుల అంగళ్లలో అమ్ముతారు.

పాత తెలుగులో ఒంటెను లొట్టిపిట అనేవారు. నిఘంటువుల్లో తప్ప ఇప్పుడు ఆ మాట వినబడదు. ఎవరికైనా పల్లెల్లో విన్న గుర్తుంటే చెప్పండి, నాకు ఆసక్తి.

సబ్బుల బట్టీ (విశాఖపట్నం)

నేను నూనెలతో బతికేవాణ్ని. ముప్పై ఏళ్లుగా సబ్బుల తయారీలో ఉన్నాను. వేపనీడ గారి సీసా గురించి ఒక అనుమానం ఉంది, అది చివర చెబుతాను.

ఒమన్ శాస్త్రజ్ఞులు 2002లో అక్కడి ఒంటెల మూపురపు కొవ్వును పరీక్షించి, అందులో ఏ ఆమ్లాలు ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టారు. పామిటిక్ ఆమ్లం దాదాపు మూడో వంతు, ఓలిక్ ఆమ్లం పావు కంటే కొంచెం ఎక్కువ, ఆ తర్వాత మిరిస్టిక్, స్టియరిక్. పామిటిక్, స్టియరిక్ ఎక్కువగా ఉంటే సబ్బు గట్టిగా వస్తుంది, త్వరగా అరగదు. మిరిస్టిక్ నురుగునిస్తుంది. ఓలిక్ ఒంటికి మెత్తగా ఉంటుంది. కాబట్టి సబ్బుకు ఇది మంచి సరుకే. వాసన పోగొట్టడమే కష్టం. ఉప్పునీళ్లలో రెండు మూడుసార్లు మరిగించి, చల్లార్చి, పైన కట్టిన పొరను తీసి మళ్లీ కరిగించాలి. పశువుల కొవ్వు ఏదైనా ఇదే పద్ధతి.

మనం కొవ్వొత్తి అనే మాట రోజూ వాడతాం, అందులో కొవ్వు ఉందని గమనించం. ఇప్పుడు మైనంతో చేస్తున్నా పేరు మాత్రం కొవ్వు దగ్గరే ఆగిపోయింది. బండి ఇరుసుకు మనవాళ్లు ఆముదం, మసి కలిపి కందెన వేసేవారు. అరబ్బుల ఊళ్లలో ఆ పనికి చేతికందే జిడ్డు వదక్. తోలును మెత్తబరచడం, దీపం, కందెన, సబ్బు: జంతువు ఉన్న ప్రతి చోటా కొవ్వుకు పనులు ఇవే. ఆవు ఉన్నచోట ఆవుది, గొర్రె ఉన్నచోట గొర్రెది, ఒంటె ఉన్నచోట ఒంటెది.

కొత్త పనులూ ఉన్నాయి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో పరిశోధకులు 2009లో మూపురపు కొవ్వును ఎంజైముల సాయంతో మార్చి, చాక్లెట్లలో వాడే కోకో వెన్నలాంటి పదార్థం చేసి చూపించారు. కోకో వెన్న చేతిలో గట్టిగా ఉండి నోట్లో కరగాలి. అంటే ఒంటి వేడికి కాస్త తక్కువలో కరగాలి. ఆ గుణం తేవడమే వాళ్ల ప్రయత్నం. ఇంకొకటి, రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో హాషీ కొవ్వుతో బయోడీజిల్ తయారుచేసి గుణాలు ప్రకటించారు. కబేళాలో పారేసే కొవ్వు ఇంధనం కావడం మంచిదే. సంతృప్త కొవ్వు ఎక్కువ కాబట్టి చలిలో ఆ డీజిల్ మబ్బుపట్టి పేరుకొనే స్వభావం ఉంటుంది. వేడి దేశాలకు సరిపోతుంది.

ఇప్పుడు నా అనుమానం. సగానికి మించి గట్టి కొవ్వు ఉన్న పదార్థం సీసాలో నూనెలా తేటగా ఉండదు. గుంటూరు ఎండల్లో మెత్తబడవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం రాత్రికి తెల్లగా గడ్డకట్టి తీరాలి. అమ్మగారి సీసాను ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి చూడండి. అప్పటికీ పారుతూ ఉంటే అది మూపురపు కొవ్వు కాదు, లేదా ఏదో పలచటి నూనెలో పేరుకు కాస్త కలిపారు.

పశువుల డాక్టరు

బట్టీ గారి పరీక్ష బాగుంది. దానికి తోడు ఒక హెచ్చరిక చెప్పాలి. రాజస్థాన్ వైపు సండా నూనె అని మోకాళ్లకు అమ్ముతారు, అది ముళ్లతోక బల్లి కొవ్వు. మన దగ్గర ఉడుము కొవ్వు, నెమలి కొవ్వు అని సంతల్లో తిప్పుతారు. ఇవన్నీ వన్యప్రాణి చట్టం కింద నేరం, కొన్నవారికీ శిక్ష ఉంటుంది. "ఎడారి జంతువు నూనె" అన్న పేరు చూసి ఎవరూ మోసపోకండి.

నైరోబీ వాసి (కాకినాడ, ప్రస్తుతం కెన్యా)

ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మా కార్యాలయం పక్కనే ఈస్ట్‌లీ అనే పేట. అక్కడ సోమాలీలు ఎక్కువ, ఒంటె మాంసం దుకాణాలు వరుసగా ఉంటాయి. మీరు కొవ్వును మందుగా, సబ్బుగా చూస్తున్నారు. ఇక్కడ దాని అసలు పని నిల్వ.

ఉత్తర కెన్యాలో న్యిరిన్యిరి అని ఒక వంట ఉంది. ఒంటె మాంసాన్ని పొడవుగా చీల్చి తాళ్ల మీద ఆరబెడతారు. తర్వాత చిన్న ముక్కలుగా కోసి, కొవ్వులో ఎర్రగా వేయించి, ఆ కొవ్వుతో సహా డబ్బాలో నింపుతారు. ముక్క మునిగేలా కొవ్వు ఉండాలి. ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలుస్తుంది. మన ఆవకాయ జాడీలో నూనె పైకి తేలకపోతే అమ్మ ఊరుకుంటుందా? అదే సూత్రం. ముక్కలో తేమ లేదు, పైన జిడ్డు పొర ఉండటం వల్ల గాలి తగలదు, ఇక బూజు ఎక్కడి నుంచి వస్తుంది? గారిసా, ఇసియోలో వైపు ఆడవాళ్లు దీన్ని చేసి పట్టణాలకు పంపి ఇల్లు నడుపుకుంటున్నారు.

సోమాలీలు ఇలాంటిదాన్నే ఓద్కా అని, ముఖ్మద్ అని అంటారు. వాళ్లు నెయ్యి ఎక్కువ వాడతారు. ఉత్తర సోమాలీల పెళ్లిలో దానిదొక ముచ్చట ఉంది. పాత్ర నిండా ముఖ్మద్ పెట్టి, పైన ఖర్జూరపు ముద్దతో మూసి, పెళ్లికూతురిలా బట్ట కట్టి, తాడుతో చిక్కుముడులు వేస్తారు. దాని పేరు హీధో. పెళ్లయిన ఏడో రోజుకు అటూ ఇటూ చుట్టాలంతా చేరతారు. పెళ్లికొడుకు తరఫువాళ్లు ముడి విప్పాలి. ముడి కొస దొరకక తంటాలు పడుతుంటే ఆడపెళ్లివారు ఏడిపిస్తారు. నేను ఒక సహోద్యోగి ఇంట్లో చూశాను. మన పెళ్లిలో బిందెలో ఉంగరం తీయించడం గుర్తొచ్చింది. ఆ ముక్కల రుచి చెప్పాలంటే, మొదట యాలకుల వాసన, తర్వాత వేయించిన మాంసం, చివర ఖర్జూరం తీపి.

అట్లాంటిక్ వైపు మారిటేనియాలో కూడా ఎండబెట్టి దంచిన ఒంటె మాంసం ఉంది, తిష్తార్ అంటారు. దానికి జోడీ మూపురపు కొవ్వే.

ఎర్రనేల (అడిలైడ్)

ఆస్ట్రేలియాలో ఇది వేరే కథ, వినడానికి బాధగా ఉంటుంది. ఇక్కడికి మొదటి ఒంటె 1840లో వచ్చింది. 1860లో ఈ ఖండాన్ని దాటి చూడటానికి బర్క్, విల్స్ అనేవాళ్లు చేసిన యాత్ర కోసం రెండు డజన్ల ఒంటెలను మన ఉపఖండం నుంచే ఓడ ఎక్కించారు. రైలు, లారీలు వచ్చేదాకా ఈ ఎడారిలో సరుకంతా మోసింది అవే. తర్వాత అడవికి వదిలేశారు. అవి పెరిగి పెరిగి నీటి గుంటలు, కంచెలు ధ్వంసం చేస్తున్నాయని 2009 నుంచి 2013 మధ్య సుమారు లక్షా అరవై వేల ఒంటెలను తగ్గించారు. చాలావాటిని హెలికాప్టర్ల నుంచి కాల్చి అక్కడే వదిలేశారు.

ఒక్కొక్క దానిలో కిలోల కొద్దీ కొవ్వు. సూడాన్ పెద్దాయన మడమలకు రాసిన వదక్ గురించి చదివాక ఆ దృశ్యం తలుచుకుంటే మనసు చివుక్కుమంది. ఇప్పుడిప్పుడే కొందరు చిన్న వ్యాపారులు ఆ కొవ్వుతో సబ్బులు, పెదవులకు పూసే లేపనాలు చేస్తున్నారు. చంపక తప్పదంటే కనీసం ఏదీ పారవేయకూడదు అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆరోగ్యమస్తు

డాక్టరు గారూ, క్యాన్సర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు చెప్పినవారు నమ్మకంగా చెప్పారు, నేను పరిశీలించకుండా రాశాను. ఇంకొక సందేహం. మన దేశంలోనే రాజస్థాన్‌లో ఇన్ని ఒంటెలుండగా అక్కడి కొవ్వు ఎందుకు దొరకదు?

పశువుల డాక్టరు

ఒప్పుకున్నందుకు సంతోషం అండీ. మీరు అడిగింది ఈ చర్చలో చాలా ముఖ్యమైన ప్రశ్న.

చదువుకునే రోజుల్లో బికనేర్ దగ్గరి జాతీయ ఒంటెల పరిశోధన కేంద్రంలో నెల రోజులు ఉన్నాను. 1984లో స్థాపించారు దాన్ని. అక్కడ రైకా కులస్థులు పరిచయమయ్యారు. తరతరాలుగా ఒంటెల పెంపకమే వాళ్ల వృత్తి. పార్వతీదేవి మట్టితో ఒక వింత జంతువును చేసి ఆడుకుంటూ ప్రాణం పొయ్యమంటే శివుడు పోశాడని, దాన్ని కాయడానికి మొదటి రైకాను పుట్టించాడని వాళ్ల నమ్మకం. కాబట్టి ఒంటె మాంసం ముట్టరు. పాలు అమ్మడమే పాపమనుకొనేవారు. కొవ్వు కోసం కోయడం అన్న మాట వాళ్ల ముందు అనలేం. ఉన్ని, పాలు, పేడ, బండి లాగే బలం, అమ్మితే మగ ఒంటె: వాళ్లకు ఒంటె ఇచ్చేవి ఇవే.

2014లో రాజస్థాన్ ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. 2015లో వధను నిషేధిస్తూ, రాష్ట్రం దాటించడాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. పైగా దేశమంతటికీ వర్తించే ఆహార భద్రతా నిబంధనల్లో మాంసానికి వధించదగిన పశువుల జాబితాలో ఒంటె లేదు. అంటే ఇక్కడ తీసిన ఒంటె కొవ్వు అంటూ ఎవరైనా అమ్మితే, అది చట్టవిరుద్ధంగా తీసిందై ఉండాలి లేదా ఒంటె కొవ్వే కాకూడదు.

ఇంత రక్షణ ఉన్నా మన ఒంటెలు తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో 4 లక్షలు, 2019కి రెండున్నర లక్షలు. మేత బీళ్లు పోయాయి, బండ్లు పోయాయి, అమ్ముకొనే దారి మూసుకుపోయింది. రైకా పిల్లలు పట్టణాలకు పోతున్నారు. ఒంటెను కాపాడాలంటే కాపరి బతకాలి. అతనికి పాల మీద ఆదాయం వచ్చే ఏర్పాటు ముందు జరగాలని నా అభిప్రాయం. కొవ్వు కోసం సోమాలియా, సౌదీ వైపు చూడవలసిన అవసరం మనకు లేదు. వాళ్ల జీవితంలో దానికి చోటుంది, మన దగ్గర నువ్వులు, ఆముదం ఉన్నాయి.

మూలిక

నువ్వుల మాట డాక్టరు గారి నోట వచ్చింది, సంతోషం.

వేపనీడ

సీసా పరీక్ష చేశాం. నిన్న రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే అడుగున వేలెడు మందాన పేరుకున్న తెల్లటి గడ్డ, పైన ముప్పాతిక సీసా నూనె తేటగా అలాగే ఉంది.

సబ్బుల బట్టీ

అయితే పావు వంతు కొవ్వు, మిగతాది ఏదో పలచటి నూనె. అది కూడా ఒంటె కొవ్వో కాదో చూసి చెప్పలేం. పైపూతకు ప్రమాదం ఉండకపోవచ్చు. ముందు మోచేతి లోపలి వైపు చుక్క రాసి ఒక రోజు ఆగండి. దద్దురు రాకపోతే మడమలకు వాడుకోవచ్చు. మోకాళ్లకు ఎముకల డాక్టరును చూడండి.

వేపనీడ

అమ్మ మడమలకు కూడా వద్దంది. నువ్వుల నూనె కాచమంది. మేనల్లుడికి ఫోను చేసి "నాన్నా, నూనె బాగుంది, ఈసారి వట్టి చేతులతో రా, నాలుగు రోజులు ఎక్కువ ఉండు" అని చెప్పింది. ఈ చర్చ మొత్తం నాతో రెండుసార్లు చదివించుకుంది.

ఇసుకదారి తమ్ముడూ, అమ్మ ఒక మాట అడగమంది. ఎండాకాలంలో మూపురం అణిగిపోయిన తల్లి ఒంటెలు తర్వాత కోలుకున్నాయా అని.

ఇసుకదారి

అమ్మకు నమస్కారం చెప్పండి అక్కా. అన్నీ కోలుకోలేదు. ఒక దాని సంగతి చెబుతాను.

తెల్లటి ఆడ ఒంటె, వద్‌హా అని పిలిచేవాళ్లం. నేను వెళ్లిన రెండో ఎండాకాలంలో బిడ్డకు పాలిచ్చి ఇచ్చి మూపురం పూర్తిగా పోయింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పెద్దాయన తన రొట్టెలో సగం దానికి పెట్టేవాడు, నేనూ పెట్టేవాణ్ని. నవంబరులో వాన పడింది. అక్కడ ఒక్క వాన పడితే ఇసుకలోంచి వెంట్రుకల్లా గడ్డి లేస్తుంది. రోజూ పొద్దున దాని వీపు మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ని. సంక్రాంతి రోజులకు, ఇంట్లో పిండివంటలు చేసుకుంటూ ఉంటారని తలుచుకుంటూ చెయ్యి పెడితే, చర్మం కింద పిడికెడంత గట్టిగా తగిలింది. పెద్దాయన్ని కేకేసి పిలిచాను. ఆయన వచ్చి తానూ చెయ్యి పెట్టి చూసి, ఆ పూట టీలో రెండు చెంచాలు ఎక్కువ చక్కెర వేశాడు.